నా చేతిని తప్పుపట్టిన కంప్యూటర్

మనిషి తిడితే తిరిగి ఒక మాట అనగలను. కంప్యూటర్ తిడితే ఏమనాలో ఆ రోజుల్లో నాకు తెలిసేది కాదు. తిట్టడమంటే నిజంగా తిట్టడమే. తెర నీలంగా మారేది, తెల్లటి అక్షరాల్లో ఇంగ్లీషులో నాకు బుద్ధి చెప్పేది. నన్ను సరిగ్గా మూయలేదు, అందువల్ల నా డిస్కులో తప్పులు ఉండవచ్చు, ఈ మాట మళ్లీ చూడకూడదనుకుంటే ఎప్పుడూ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేయండి అని దాని సారాంశం. నేను సరిగ్గా మూయలేదట! మూసే అవకాశం నాకు ఎవరిచ్చారు? మధ్యాహ్నం పనిలో ఉండగా కరెంటు పోయింది, అది టప్పున ఆరిపోయింది. కరెంటు తీసిన వాళ్లను వదిలేసి, ఎదురుగా కూర్చున్న పాపానికి అది నన్ను పట్టుకుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నీలిరంగు ఎక్కడైనా కనబడితే నాకు ఒళ్లు మండుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజంపేట నుంచి కర్నూలుకు కోడలిగా వచ్చాను. మా అత్తగారింటివాళ్లది శుభలేఖల అంగడి. పాత ఊళ్లో, బండ్లూ ఆటోలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే ఇరుకు వీధిలో, ముందు సన్నగా, లోపలికి పొడవుగా ఉండేది. గోడల నిండా అట్టల మీద కార్డుల నమూనాలు. లోపలి గోడకు ఎత్తులో ఒక చెక్క పలక, దాని మీద అమ్మవారి పటం, పటం ముందు ఎర్రటి జీరో బల్బు. డిగ్రీ అయ్యాక నేను కడపలో కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ సంగతి పెళ్లిచూపుల్లోనే మా మామ అడిగి తెలుసుకున్నాడు. అంతవరకు ఆయన కార్డుల మ్యాటరు బయట టైపు చేయించేవాడు. వాళ్లు తప్పులు కొట్టేవాళ్లు, ఆలస్యం చేసేవాళ్లు. కోడలు వచ్చాక ఒక పాత కంప్యూటర్, కరెంటు పోయినా కాసేపు దాన్ని నిలబెట్టే యూపీయస్ ఒకటి తెచ్చి, అమ్మవారి పటానికి కాస్త ముందుగా, వీధి వైపు ముఖం పెట్టి నాకు ఒక కుర్చీ వేశాడు.

ఆ కుర్చీ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఊళ్లో చాలామంది అప్పటికే కొత్త విండోస్‌కు మారిపోయారు. మాది ఇంకా విండోస్ తొంభై ఎనిమిదే. అయినా దాని గొంతు, దాని అలక అన్నీ నాకు తెలుసు. వంకర టింకర తెలుగు అక్షరాలను సరిచేసి, వత్తులు కుదిర్చి, వధువు పేరు కింద సన్నటి లత ఒకటి గీసి పెడితే పెళ్లివాళ్ల ముఖాలు విప్పారేవి. అంగట్లో ఆడమనిషి కూర్చుని పని చేయడం ఆ వీధిలో అప్పటికి కొత్త. పక్క అంగళ్ల వాళ్లు ఊరికే అటూ ఇటూ తిరుగుతూ చూసి పోయేవాళ్లు. చూస్తే చూశారు, నాకేం.

ఇక్కడ మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. శుభలేఖ అంటే మామూలు కాగితం కాదు కదా, ఒక పెళ్లికి మొదటి అడుగు. అందుకని అన్నీ చేతిని బట్టి చూసేవాళ్లు. ఎవరి చేత్తో బోణీ అయింది, ఎవరు మొదటి కార్డు తీశారు, ఎవరు నాలుగు మూలలా పసుపు పెట్టారు. ఫలానా ఆయన హస్తవాసి మంచిది, ఆయన చేత్తో ఇప్పిస్తే పెళ్లి నిలుస్తుంది అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొందరు. మా మామది అట్లాంటి చెయ్యి అని పేరు. నాకూ మొదట్లో ఈ పద్ధతి ముచ్చటగానే ఉండేది. అది నా మెడకు చుట్టుకుంటుందని ఊహించలేదు.

ఎండాకాలం వచ్చింది. పెళ్లిళ్లూ వచ్చాయి, కరెంటు కోతలూ వచ్చాయి. రోజూ మధ్యాహ్నం ఒక కోత ఖాయం. మధ్యలో చెప్పాపెట్టకుండా వచ్చేవి వేరే. యూపీయస్ ఉంది కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. కరెంటు పోగానే వెనక అట్టల చాటు నుంచి అది కుయ్ కుయ్ అని అరిచేది. అరిచేదే గాని కంప్యూటర్‌ను నిలబెట్టేది కాదు. అరుపు మొదలయ్యేలోపే తెర నల్లబడేది. బ్యాటరీ చచ్చిపోయిందని నేను అనుకున్నాను. బ్యాటరీ మార్పించమని మామను అడిగాను.

"మొన్ననే కదమ్మా తెచ్చింది. అరుస్తాండాది కదా, బాగుండబట్టే అరుస్తాండాది" అన్నాడు మామ.

ఒకరోజు వధువు పేరులో సగం కొట్టాను, కరెంటు పోయింది. ఎదురుగా పెళ్లికూతురి తండ్రి కూర్చుని ఉన్నాడు. బిడ్డ పేరు సగంలో ఆరిపోయేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి నిలబడి, "ఇంగో దినం వస్తాలేప్పా" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. కరెంటు వచ్చాక కంప్యూటర్ వేశాను. మామూలుగానే నీలి తెర, మామూలుగానే చీవాట్లు. ఆ సమయానికి మా మరిది అంగట్లో ఉన్నాడు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్న మనిషి, ఇంగ్లీషు వచ్చు. తెర మీదికి వంగి, గట్టిగా చదివి, వాళ్ల నాయనకు తెలుగులో చెప్పాడు.

"వదిన సరిగ్గ మూయలేదంట నాయనా. అదే రాసిండాది. ఇంగో తూరి ఇట్ల చేయొద్దని గూడా చెప్తాండాది."

ప్రతి సాయంత్రం అంగడి కట్టే ముందు, ఒక్కొక్క ఫైలు మూసి, స్టార్ట్ నొక్కి, షట్‌డౌన్ నొక్కి, ఇక ఆపవచ్చు అని అది కాషాయరంగు అక్షరాల్లో అనుమతి ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని నేను. ఇంట్లో పొయ్యి కూడా అంత భక్తిగా ఆర్పలేదు. కరెంటు పోతే ఏ కంప్యూటరైనా ఇట్లాగే అంటుంది, దానికి కరెంటు పోయిందో మనిషి ఆపిందో తెలియదు అని చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, మా ఇంట్లో చెప్పే కోడలే లోకువ. ఇంగ్లీషులో, అచ్చక్షరాల్లో, మిషనే సాక్ష్యం చెప్పాక ఇక నా మాటకు విలువేముంది? మామ ఒక్కసారి నా చేతుల వైపు చూశాడు.

మరుసటి రోజు పొద్దున కొత్త ఏర్పాటు తెలిసింది. ఇకమీదట పొద్దున మొదటిసారి కంప్యూటర్ బటన్ నేను నొక్కకూడదు. మరిది చెయ్యి మంచిదట. వాడు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తీరిగ్గా వచ్చి, కుడిచేతి బొటనవేలితో బటన్ నొక్కి, దండం పెట్టి, టీకి వెళ్లిపోయేవాడు. వాడు వచ్చేదాకా నేను కుర్చీ పక్కన నిలబడి ఉండాలి. వాడు ఆలస్యంగా లేచిన రోజు, వచ్చిన పెళ్లివాళ్లు నన్ను చూస్తూ, నేను బటన్ చూస్తూ, అట్లా నిలబడేవాళ్లం. ఆ బటన్‌కు వాడు పెట్టిన కుంకుమ నొక్కీ నొక్కీ సందుల్లోకి దిగిపోయింది. అగ్గిపుల్లతో దాన్ని తీసి శుభ్రం చేసే పని మాత్రం నా చేతిదే. ఆ పనికి హస్తవాసి అక్కరలేదు.

మంచి చెయ్యి నొక్కితే కరెంటు కోత ఆగుతుందా? ఆగలేదు. రోజూ పని మధ్యలో ఆరిపోవడం, మళ్లీ లేవగానే డిస్కు మొత్తం వెతుక్కోవడం. పసుపు గీత నత్తలా జరుగుతుంటే నేను దాన్ని చూస్తూ కూర్చోవడం. ఇట్లా రోజూ గొంతు నులిమితే ఏ మిషను బాగుంటుంది? ఒకరోజు అసలు లేవలేదు. నల్ల తెర మీద ఏదో ఫైలు కనబడడం లేదని ఒక వాక్యం రాసి ఊరుకుంది. కోర్సులో చెప్పింది గుర్తు తెచ్చుకుని, మళ్లీ వేసి, వేసిన వెంటనే ఎఫ్ ఎయిట్ మీట నొక్కి పట్టుకున్నాను. వచ్చిన జాబితాలో సేఫ్ మోడ్ ఎంచుకున్నాను. అంటే అత్యవసరమైనవి మాత్రమే వేసుకుని, ఎట్లాగో లేచి కూర్చోవడం అన్నమాట. తెర మోటుగా, అక్షరాలు లావుగా వచ్చాయి. రంగులు పోయాయి. నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసి ఉంది. మామ వచ్చి కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"నాలుగు మూలలా ఏమో రాసిండాదే?"

"సేఫ్ మోడ్ అని రాసింది మామా."

"సేఫ్ అంటే క్షేమమే కదమ్మా?"

"అవును, కానీ..."

"నాలుగు మూలలా క్షేమమని అదే రాసుకున్యాది. మనం కార్డుకు పసుపు పెట్టినట్ల. ఇంగ దాన్ని కదిలించొద్దు, ఇట్లనే ఉండనీ."

ఇట్లా ఉంటే ప్రింటర్ పని చేయదు, రంగు కార్డులు కనబడవు అని నేను ఎంత మొత్తుకున్నా, సాయంత్రం దాకా ఆయన దాన్ని ఆపనివ్వలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో.

తర్వాత కంప్యూటర్లు రిపేరు చేసే అతన్ని పిలిపించారు. ఆ మనిషి అంగట్లోకి వచ్చిన దగ్గర నుంచి వెళ్లేదాకా నా ముఖం చూడలేదు. కుర్చీలో కూర్చుని రోజంతా ఆ మిషనుతో కొట్టుకునేది నేను. ఆయన ప్రశ్నలు అడిగేది మా మరిదిని. మా మరిదికి బటన్ నొక్కడం తప్ప ఏం తెలుసు? వాడు తెలిసినట్టే తలాడించేవాడు. కంప్యూటర్ తన అమరికలన్నీ రాసుకునే రిజిస్ట్రీ చెడిపోయి ఉంటుంది, అది రోజూ తన నకలు తనే దాచుకుంటుంది కదా, నిన్నటి నకలు వెనక్కి తెచ్చి చూడండి అని నేను కల్పించుకుని అన్నాను. ఆయన మరిది వైపు తిరిగి నవ్వాడు.

"మేడం పుస్తకం శానా చదివినట్లుండారే. వైరస్సు సార్ ఇది. ఫార్మాట్ కొట్టాల్సిందే."

కొట్టాడు. నేను నెలల తరబడి గీసుకున్న లతలు, మామిడి తోరణాలు, సరిచేసుకున్న అక్షరాలు, అన్నీ తుడిచిపెట్టాడు. ఫ్లాపీల్లో దాచుకున్నవి కొన్ని మిగిలాయి. వారం తిరక్కుండా మళ్లీ అదే నీలి తెర. మళ్లీ ఆయనే వచ్చాడు, మళ్లీ వైరస్సే అన్నాడు, మళ్లీ తుడిచాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రోగం కనుక్కోవడం చేతగాని ప్రతివాడికీ వైరస్ ఒకటి దొరికింది. నేను మూడోసారి యూపీయస్ మాట ఎత్తితే, ఆయన అట్టల చాటున అది అరుస్తున్న దిక్కు చెవి పెట్టి, "బాగుండాది కదా మేడం" అని చేతులు దులుపుకున్నాడు. వంగి చూసిన పాపాన పోలేదు.

వెళ్తూ వెళ్తూ అతను అన్న మాట ఒకటుంది. "ఒకే చెయ్యి వాడితే మిషన్లు బాగుంటాయి సార్, చేతులు మారితే ఇట్లనే అయితాది." ఒకే చెయ్యి ఎవరిదో, మారిన చెయ్యి ఎవరిదో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మా అంగట్లో లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామ తేల్చేశాడు. వైశాఖం ముహూర్తాలు అయిపోగానే టైపు చేసేందుకు ఒక మగమనిషిని పెడతారు. నేను ఇంట్లో ఉండొచ్చు. "నీ మీద కోపం కాదమ్మా. చెయ్యి కలిసి రావాల. పెండ్లిండ్ల యాపారం" అన్నాడు, ఎంతో దయగా. ఆ దయే నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. తప్పు చేశావు అంటే తప్పు ఎక్కడో చూపించమనవచ్చు. నీ చెయ్యి మంచిది కాదు అంటే ఎక్కడ చూపించాలి? చెయ్యి కడుక్కుంటే పోయేదా అది? నా మొగుడు నంద్యాల, ఆదోని వైపు తిరిగి కార్డుల ఆర్డర్లు తెచ్చేవాడు. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. పప్పు కలుపుకుంటూ, "సర్దుకో, నాయన చెప్పినాక ఏముంది" అన్నాడు. ఆ కుర్చీ పోతే నాకు మిగిలేది ఏమిటో అక్కడ కూర్చున్న ఒక్కరికీ పట్టలేదు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

వైశాఖం ఇంకా ముగియలేదు. ఒక మధ్యాహ్నం ఓర్వకల్లు దిక్కు నుంచి ఒక రైతు వచ్చాడు. కూతురి పెళ్లి. బంధువుల పేర్లన్నీ గుర్తు తెచ్చుకుంటూ, ఒకటి చెప్పి, కాదు కాదు పెద్దాయన పేరు ముందు పెట్టు తల్లీ అని మార్చుకుంటూ, సావకాశంగా చెబుతున్నాడు. నాకు ఆయన మీద విసుగు రాలేదు. ఇక ఎన్ని కార్డులు కొడతానో అని ఒక్కొక్క పేరూ ఇష్టంగా కొడుతున్నాను. కరెంటు పోయింది. తెర నల్లబడింది. వెనక కుయ్ కుయ్ మొదలైంది.

కరెంటు పోయినప్పుడల్లా నేను చేసే పని ఒక్కటే. విసనకర్ర తీసుకుని వీధి మెట్ల మీదికి పోయి కూర్చోవడం. లోపల ఆ వేడికి ఉండలేం. మామ మాత్రం కరెంటు పోగానే పటం దిక్కు తిరిగి చేతులు జోడించేవాడు. త్వరగా కరెంటు రావాలని మొక్కుతున్నాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు రైతు ఎదురుగా ఉన్నాడని మెట్ల మీదికి పోకుండా కూర్చునే ఉన్నాను. ఇదిగో మళ్లీ అపశకునం అని లేచిపోతాడేమో అని ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన నా తల మీదుగా ఎటో చూస్తూ చేతులు జోడించాడు.

"సూడప్పా, ఈదంతా కరెంటు పోయినా అమ్మోరి దీపం పోలేదు. ఎంత సత్యముండాదో ఈ అంగట్లో!"

"అట్లనే అప్పా. కొన్ని నెలల నుంచి ఒక్కసారి కూడా ఆరలేదు" అన్నాడు మామ, గర్వంగా.

నేను వెనక్కి తిరిగి చూశాను. చీకట్లో ఎర్రగా, నిబ్బరంగా వెలుగుతోంది జీరో బల్బు. కరెంటు లేదు. ఫ్యాను లేదు. నా కంప్యూటర్ చచ్చింది. అది మాత్రం వెలుగుతోంది. ఇన్ని రోజులూ దానికి వీపు పెట్టి కూర్చున్నాను నేను.

లేచి, కొంగు నడుముకు చుట్టుకుని, గోడ పక్కన అట్టలన్నీ తీసి అవతల పెట్టాను. టార్చి లైటు తీసుకుని నేల మీద పాకుతూ పోయాను. యూపీయస్ నా కుర్చీ దగ్గర లేదు. దాన్ని జరిపి జరిపి సరిగ్గా అమ్మవారి పలక కింద పెట్టారు. దాని వెనక ఒక్కటే ప్లగ్గు ఉంది. ఆ వైరు గోడ వెంబడి, క్యాలెండర్ల చాటున, మేకుల మీదుగా పైకి పోయి పటం దగ్గర తేలింది. నా కంప్యూటర్ వైరు ఇటువైపు, ఫ్యాను పక్కన ఉన్న మామూలు బోర్డులో ఉంది. అంటే కంప్యూటర్ కోసం తెచ్చిన యూపీయస్ ఇన్ని నెలలూ ఒక జీరో బల్బును మోస్తూ కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మామా, అమ్మవారి బల్బుకు కరెంటు యాడ్నుంచి వస్తాండాది?"

"యాడ్నుంచి అంటే? ఆ డబ్బాలో నుంచే. నేనే పెట్టిచ్చినా."

ఆయన గొంతులో తడబాటు లేదు. దాపరికం అంతకన్నా లేదు. దాచినవాణ్ని పట్టుకుంటే కాస్త తృప్తి అయినా ఉంటుంది, నాకు ఆ తృప్తి కూడా దక్కలేదు.

"అది కంప్యూటర్‌కు తెచ్చింది కదా మామా?"

"తెస్తే ఏమి? ఏది పోయినా అమ్మవారి దీపం పోగూడదని ఎలక్ట్రీషన్‌కు చెప్పినా. డబ్బా పలక కిందికి జరిపితే నీ మిషన్ వైరు అందదన్యాడు. కరెంటుకు ఈడైతే ఏమి, ఆడైతే ఏమి, పక్క బోర్డుకు పెట్టప్పా అన్నా."

"ఒక మాట నాతో చెప్పుంటే..."

"నువ్వు అడగలేదు కదమ్మా."

అడగలేదట! బ్యాటరీ మార్చమని మూడుసార్లు అడిగాను. రిపేరు అతన్ని వంగి చూడమని అడిగాను. నా మాట ఒక్కసారి వినమని ఇంటిల్లిపాదినీ అడిగాను. బల్బు వైరు ఎక్కడికి పోయిందని అడగడం ఒక్కటే మిగిలిందన్నమాట. రైతు ఎదురుగా ఉన్నాడని కూడా చూడలేదు నేను. "మీ అమ్మవారు ఆరకుండా ఉండాలని నా కంప్యూటర్‌ను రోజూ ఆర్పినారు. ఆర్పింది మీరు, పాపం నా చేతికి అంటించినారు" అన్నాను. మామ కళ్లు పెద్దవి చేశాడు. అమ్మవారిని అట్లా ఈ గొడవలోకి లాగడం ఆయనకు నచ్చలేదు.

ఎదురు వీధిలో ఎలక్ట్రికల్ అంగడి ఉంది. ఎండలో చెప్పులు లేకుండా నేనే దాటుకుని పోయి, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చాను. మంగళవారం పూట కొత్త వైర్లు వద్దమ్మా అని మామ అంటూనే ఉన్నాడు. యూపీయస్ వెనక ఇంకో రంధ్రం ఖాళీగా ఉంది, అమ్మవారి ప్లగ్గు నేను ముట్టుకోలేదు. ఆ ఖాళీ దాంట్లో బాక్సు పెట్టి, దాంట్లో కంప్యూటర్, మానిటర్ పెట్టాను. అంతే పని. దాని కోసం రెండుసార్లు ఫార్మాట్, చేజారిన ఒక పెళ్లి బేరం, నా చేతి మీద ఒక అపవాదు. రైతు అంతా చూస్తూ కూర్చున్నాడు గాని లేచిపోలేదు. కరెంటు వచ్చాక ఆయన కార్డు ముగించే పంపించాను.

మర్నాడు పొద్దున మరిది ఎప్పట్లాగే వచ్చి బటన్ నొక్కి, దండం పెట్టుకుని పోయాడు. నేను ఊరుకున్నాను. మధ్యాహ్నం కోత వచ్చింది. ఫ్యాన్లు ఆగాయి, వీధి సద్దుమణిగింది, యూపీయస్ కుయ్ కుయ్ అంది. నా తెర వెలుగుతూనే ఉంది! కొడుతున్న మాట పూర్తి చేశాను, దాచాను, పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేశాను. కరెంటు వచ్చాక వేస్తే నీలి తెర రాలేదు. చీవాట్లు లేవు. నేరుగా మేఘాల బొమ్మ వచ్చి, గంట మోగినట్టు మోగి, తెరుచుకుంది. ఆ శబ్దం వింటే ఏడుపొచ్చింది నాకు. అంగట్లో నలుగురైదుగురు పెళ్లివాళ్లు ఉన్నారు. మామ వాళ్ల దిక్కు తిరిగి, మీసం దువ్వుకుంటూ అన్నాడు.

"చూస్తిరా? మా చిన్నోడి చెయ్యి. పొద్దున వాడు నొక్కినాడు, ఇంగ సాయంత్రం దాకా తిరుగులేదు."

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. నేల మీద పాకింది నేను, దుమ్ము తిన్నది నేను, హస్తవాసి వాడిదట. ఇక నేను ఆగలేదు.

"మామా, రేపట్నుంచి బటన్ నేనే నొక్కుతా. నా చెయ్యి పడి ఇది చెడితే, ముహూర్తాలు అయ్యేదాకా కూడా అక్కరలేదు, ఆ పొద్దే ఇంటికి పోతా. చెడకపోతే ఈ కుర్చీ నాది. ఇంగ ఎవర్నీ పెట్టొద్దు" అన్నాను, అందరి ఎదుట.

పెళ్లివాళ్లు మామ ముఖం చూశారు. కస్టమర్ల ఎదుట కోడలితో వాదం పెట్టుకోవడం వ్యాపారం తెలిసినవాడు చేయడు. "సరేలేమ్మా, నొక్కు, చూస్తాం" అన్నాడు. మర్నాడు పొద్దున మరిది వచ్చేలోపే కుంకుమ తుడిచి, బటన్ నేను నొక్కాను. మామ గల్లాపెట్టె దగ్గర నుంచి కళ్లప్పగించి చూశాడు. కంప్యూటర్ లేచింది. ఆ రోజు లేచింది, ఆ తర్వాత రోజూ లేచింది. లేవక ఏం చేస్తుంది? ముహూర్తాలు అయిపోయాయి, మగమనిషి ఎవరూ రాలేదు. కుర్చీ నాకు మిగిలింది.

ఎట్లా మిగిలిందో విన్నాక నన్ను సంతోషించమంటారా, మీరే చెప్పండి. ఆషాఢంలో బేరాలు లేక తీరిగ్గా కూర్చున్నప్పుడు, పక్క బట్టల అంగడి ఆయన కొత్తగా కంప్యూటర్ తెచ్చాడు. మా మామ ఆయనతో అంటున్న మాట నా చెవిన పడింది.

"మా కోడలిని పిలుచుకోప్పా బోణీకి. శానా మంచి చెయ్యి. మా మిషను దినామూ చెడిపోతాండె, ఆ పాప చెయ్యి పడినాక ఒక్కనాడు గూడా మొరాయించలే."

నేను లేచి పోయి చెప్పాను. "మంచి చెయ్యీ కాదు, చెడ్డ చెయ్యీ కాదు మామా. వైరు ఆడ్నుంచి తీసి ఈడ పెట్టినా, అంతే" అన్నాను. ఇద్దరూ నవ్వారు. మంచి చెయ్యి ఉన్నవాళ్లంతా అట్లాగే అంటారట. చెడ్డ చెయ్యి అన్నప్పుడు నా మాట వినలేదు, మంచి చెయ్యి అన్నప్పుడూ నా మాట వినలేదు. నా చేతికి పని వచ్చు అన్న ఒక్క ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆ తర్వాత రెండు మూడేళ్లు మా వీధిలో ఎవరు కంప్యూటర్ తెచ్చినా నాకు పిలుపు వచ్చేది. బంగారు అంగడి, మందుల అంగడి, విత్తనాల అంగడి. తాంబూలం సిద్ధంగా పెట్టి, బటన్‌కు బొట్టు పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడేవాళ్లు. నేను వెళ్లేదాన్ని, కోపంతోనే వెళ్లేదాన్ని. బటన్ ముట్టుకునే ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనేదాకా వంగి, బల్ల కింద యూపీయస్ వైరు దేనికి పోయిందో చూసేదాన్ని. అది చూసి నా వెనక ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకుని చేతులు జోడించేవాళ్లు.